నల్లటోపీ దొర పరారీ కేసు

గరికపూడిలో మద్దుల పానకాలు ఎప్పట్లా డేరా వేసిన ఒక ఏడాది సర్కారువారికి టాకీల మీద బెంగ పట్టుకుంది. ఎక్కడో ఒక జిల్లాలో ఇద్దరు కుర్రాళ్ళు సినిమా చూసొచ్చి, మొహాలకి రుమాళ్ళు కట్టుకుని తపాలా బంట్రోతుని దారికాచి ఆపారట. బంట్రోతు ఆ ఇద్దరి చెవులూ పట్టుకుని ఇళ్ళ దగ్గర దిగబెట్టి తన దారిన తను పోయాడు. అక్కడితో తెమిలిపోవలసిన సంగతే. కానీ ఆ కబురు తాలూకా నుంచి జిల్లాకి, జిల్లా నుంచి చెన్నపట్నానికి ప్రయాణం చేసేసరికి బాగా ముదిరి, ఉత్తరువు అయి తిరిగొచ్చింది.

"లైసెన్సు పొందిన యే ప్రదర్శనశాలయందైనను కానవచ్చిన నేరస్థుడు, ప్రజల సమక్షమున శిక్షింపబడక సదరు ఆవరణము దాటిపోరాదు. దాటిపోయినచో లైసెన్సు రద్దగును" అన్నది ఆ ఉత్తరువు.

విన్నవాళ్ళంతా బాగానే ఉంది అన్నారు. పానకాలు కూడా బాగానే ఉంది అన్నాడు. పాపం, అప్పటికి అతనికి తెలియదు.

పానకాలుకి లోకంలో ఉన్నవి రెండే. ఒకటి డేరా, రెండోది పెళ్ళాం ఆదెమ్మ. కోతలై ఊళ్ళల్లో జనం చేతులు ఖాళీ అయ్యాక డేరా వేస్తే, తొలకరి దాకా ఆడించుకోవాలి. ఆ నాలుగు నెలల ఆటే వాళ్ళకి ఏడాది తిండి. ఆ మధ్యలో లైసెన్సు పోయిందంటే డేరా గుడ్డని రైసుమిల్లు వాళ్ళకి ధాన్యం మీద కప్పుకోవడానికి అమ్ముకుని, తను వాళ్ళ మిల్లులోనే బస్తాలు మొయ్యాలి. అందుకని పానకాలు పొద్దున లేవగానే దేవుడి పటానికి పెట్టే దణ్ణం లైసెన్సు కాగితానికి కూడా పెట్టేవాడు.

ఆ ఏడు అతను తెచ్చిన బొమ్మ అమెరికావాళ్ళది, గుర్రాల బొమ్మ. టాకీలు కొత్తగా పుట్టిన రోజుల్లో, తక్కువ ఖర్చులో చుట్టబెట్టేసిన సరుకు. ఊళ్ళో గోడల మీద పానకాలు దానికి 'గుర్రపుదొర గుండుదెబ్బ' అని పేరు రాయించాడు. దాంట్లో ఊరంటే ఒకటే వీధి. కొండంటే ఒకటే బండ. గుర్రాలు ఎంత దూరం పరిగెత్తినా మళ్ళీ ఆ బండ పక్కనించే పోయేవి. దొంగల ముఠాలో చచ్చిపోయినవాడు మరుక్షణంలో టోపీ మార్చుకుని పోలీసుల్లో చేరిపోయేవాడు. నల్లటోపీ పెట్టుకున్న దొర ఒకడు బ్యాంకు దోచుకుని, అడ్డొచ్చిన ముసలాయన్ని కాల్చేసి పారిపోతాడు. తెల్లటోపీ దొర వెంటపడతాడు. ఆ తర్వాత ఏమవుతుందో పానకాలుకి తెలియదు. చివరి రీలు చెన్నపట్నంలోనే కాలిపోయింది. కాలిపోయింది కాబట్టే ఆ బొమ్మ అతనికి అందుబాటు ధరకి వచ్చింది.

ఆ లోటు పూడ్చడానికి బసవలింగం ఉన్నాడు. మూగబొమ్మల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడు. అంతకు ముందు నాటకాల్లో దుర్యోధనుడు. టాకీ వచ్చాక ఇక తన గొంతుతో పనేముందని అతను ఏడ్చినంత పని చేశాడు. కానీ ఆ గుర్రపు దొరలు నోట్లో వక్క పెట్టుకున్నట్టు మాట్లాడతారు. హైస్కూలు హెడ్‌మాస్టరుగారంతటివాడే వచ్చి, "ఇది ఇంగ్లీషు కాదేమోనయ్యా" అని వెళ్ళిపోయాడు. దాంతో బసవలింగానికి మళ్ళీ పని దొరికింది. తెరమీద దొర నోరు తెరిచినప్పుడల్లా ఇతను అంతకంటే గట్టిగా, "ఓరీ ముసలివాడా! ఆ ఇనప్పెట్టె తాళాలు ఇస్తావా, నీ ప్రాణాలు తియ్యమంటావా!" అని డేరా అదిరేలా అరిచేవాడు. రీలు అయిపోయి తెర తెల్లబడగానే, "ఆ విధమ్ముగా నల్లటోపీ దొరని పట్టుకుని ఉరి తీశారు, మంగళం మహత్!" అనేవాడు. జనం లేచి పంచెలు దులుపుకుని ఇళ్ళకి పోయేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

అంతవరకూ బాగానే నడిచిన ఆటకి ఒకనాడు కొత్త సబ్‌మేజిస్ట్రేటు ఉపద్రష్ట సోమసుందరంగారు సకుటుంబంగా దయచేశారు. తెర తెల్లబడింది. బసవలింగం మంగళం పాడాడు. జనం లేచారు. సోమసుందరంగారు లేవలేదు.

"ఉరితీత యేదీ?" అన్నారు.

"అయిపోయిందండి. ఇందాకే చెప్పాడు గదండి మావాడు" అన్నాడు పానకాలు, చేతులు కట్టుకుని.

"నీవు చూచితివా?" అని ఆయన బసవలింగాన్ని అడిగారు.

"నేనెక్కడ చూశానండి. ఆ రీలు లేదు గదండి" అన్నాడు బసవలింగం ఉన్నమాట.

"చూడనివాడు చెప్పినది సాక్ష్యము కానేరదు. కనుక ఉరితీత జరగలేదు. కనుక నేరస్థుడు శిక్షింపబడక ఈ ఆవరణము దాటి పోయినాడు" అని ఆయన లేచి నిలబడ్డారు.

"అది ఒట్టి బొమ్మండయ్యా!" అన్నాడు పానకాలు.

సోమసుందరంగారు అతనికేసి జాలిగా చూశారు. "మూకీ అయినచో నీ మాట చెల్లును. మూకీలోనిది నీడ. నీడకు నేరము లేదు. టాకీ సంగతి వేరు. తుపాకీ శబ్దమును నేను ఈ చెవులతో వింటిని. శబ్దము ఎచట వినబడెనో అచటి న్యాయస్థానమునకు అధికారము గలదు. ఈ డేరా నా పరిధిలోనిది. నా పరిధిలో ఖూనీ జరిగినది" అన్నారు.

మర్నాడు పొద్దున్నే సర్కిల్ ఇనస్పెక్టరు దస్తగిరి సాహెబు కానిస్టేబుళ్ళని వెంటేసుకుని డేరాకి వచ్చాడు. మంచి మనిషి. అయితే పైవాళ్ళు చెప్పింది చెయ్యడమే తప్ప, చెప్పింది ఏమిటని ఆలోచించే అలవాటు నౌకరీలో చేరిన రోజునే మానేశాడు.

"ముద్దాయి గుర్తులు చెప్పవయ్యా" అన్నాడు.

"నల్లటోపీ, సన్నమీసం."

"ఒంటి రంగు?"

పానకాలు కాసేపు తెర కేసి చూసి, "బూడిద రంగండి" అన్నాడు.

"ఎత్తు?"

"అది ఆటని బట్టండి. ఒక్కోసారి డేరా అంత ఉంటాడు. ఒక్కోసారి మొహం ఒక్కటే ఉంటుంది."

సాహెబు అన్నీ రాయించుకుని, ఇక జనంలో సాక్షుల్ని విచారించడం మొదలెట్టాడు. అక్కడ వచ్చింది అసలు తంటా. పానకాలు డేరాలో తెర మధ్యలో కడతారు. కుర్చీలవాళ్ళూ బెంచీలవాళ్ళూ ముందు కూర్చుంటే, చవక టిక్కెట్టువాళ్ళు తెరకి వెనక నేలమీద కూర్చుంటారు. ఆటకి ముందు తెర మీద నీళ్ళు చల్లితే బొమ్మ అటువైపుకీ దిగుతుంది. తెర వెనక పెట్టిన మాటలపెట్టె వాళ్ళకి దగ్గరే, బొమ్మ మాత్రం ఎడమా కుడీ తారుమారు. ఏళ్ళ తరబడి అలాగే చూస్తున్నారు, ఎవరూ ఏమీ అనుకోలేదు.

ముందువైపు సాక్షులు ముద్దాయి కుడిచేత్తో కాల్చి కుడివైపు పారిపోయాడన్నారు. వెనకవైపు సాక్షులు గట్టిగా ప్రమాణం చేసి, "ఎడమచెయ్యండి బాబూ! పుర్రచేతివాటం ముండాకొడుకు! కాల్చి ఎడమపక్కకి చెక్కేశాడు" అన్నారు.

సాహెబు ఆ వాంగ్మూలాలు పట్టుకెళ్ళి సోమసుందరంగారికి ఇచ్చాడు. ఆయన తలుపులేసుకుని ఆలోచించారు.

"ఇందరు గౌరవనీయులు అబద్ధమాడరు. అందరును నిజమే పలికిరి. కనుక ముద్దాయిలు ఇద్దరు. ఒకడు కుడిచేతివాడు, ఒకడు ఎడమచేతివాడు. ఏకకాలమున తెరకు చెరియొక వైపున నేరము చేసినారు. ఇది కుట్ర" అని తేల్చారు.

ఆ సాయంత్రం తెరకి కుడివైపూ ఎడమవైపూ కానిస్టేబుళ్ళు లాఠీలతో కాపుకాశారు. నల్లటోపీ దొర గుర్రమెక్కి వస్తుంటే "ఆఁ! ఆఁ! అదుగో!" అని జనం అరిచారు. సరిగ్గా వాడు అంచుకి వచ్చే సమయానికి వెనకాల రొమ్ముమీద నక్షత్రం పెట్టుకున్న పోలీసు దొర కనపడ్డాడు. పైఅధికారిని చూసి కానిస్టేబుళ్ళంతా మడమలు కొట్టి సలాం చేశారు. ఆ సలాం దించేలోగా ముద్దాయిలిద్దరూ చెరోవైపూ మాయమైపోయారు.

ఇక చట్టం తన దారి పట్టింది. ఊళ్ళో టముకు వేయించారు. "నల్లటోపీ దొరలు ఇద్దరూ నెల లోపల కోర్టుకు వచ్చి లొంగిపోవాలహో!" అని బజారులోనూ చేపల రేవులోనూ చాటారు. పరారీలో ఉన్నవాడి ఆస్తి జప్తు చెయ్యాలి కాబట్టి, ముద్దాయిలు చివరిసారి కాపురమున్న స్థలమని తెరని జప్తు చేశారు. తెర లేకపోతే ముద్దాయిలు కనపడే మార్గం లేదని సాహెబు మనవి చేసుకున్న మీదట, జప్తులో ఉన్న తెర మీదే రోజూ ఆట ఆడించాలనీ, ప్రాణభయం ఉంది కాబట్టి జనాన్ని మాత్రం రానివ్వకూడదనీ ఉత్తరువైంది. ఆటకి కరెంటిచ్చే ఇంజను నూనె ఖర్చు పానకాలుదే.

ఆ నెల రోజులూ పానకాలు ఖాళీ డేరాలో కానిస్టేబుళ్ళకి ఆట ఆడించాడు. వాళ్ళు మొదట్లో గంభీరంగా నిలబడేవాళ్ళు. వారం తిరిగేసరికి గోనెలు పరుచుకుని కూర్చుని, ముద్దాయి కనపడగానే ఈలలు వేసేవాళ్ళు. ఆదెమ్మ టిక్కెట్టు గూట్లో ఊరికే కూర్చుని లోపలి ఈలలు వినేది.

"కూరలోకి ఉప్పు కూడా లేదు గానీ, ఊళ్ళో పోలీసోళ్ళకి మనం ధర్మాన ఆటేస్తున్నాం" అంది ఒకరోజు. పానకాలుకి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఇంజను మీద చూపించాడు.

నెల దగ్గరపడింది. గడువు లోపల నేరస్థుణ్ణి శిక్షించకపోతే లైసెన్సు రద్దవుతుందనీ, డేరా సర్కారు పరమవుతుందనీ తాఖీదు వచ్చింది. అప్పుడు బసవలింగం, "అన్నా, ఇద్దరు కాకపోయినా, ఒక్క దొంగ దొరికితే చాలు వాళ్ళకి. అంతే గదా! నేనున్నాగా" అన్నాడు.

"నీకేమన్నా మతి పోయిందా?"

"దుర్యోధనుడేసినోణ్ణి, దొంగ వెయ్యలేనా? మేజిస్ట్రేటు తిట్టి వదిలేస్తాడులే" అని బసవలింగం నాటకాల పెట్టెలోంచి టోపీ ఒకటి తీసి మసి పూశాడు.

గడువు చివరి రోజున, శిక్ష ప్రజల సమక్షంలో పడాలన్న ఉత్తరువు ప్రకారం, సోమసుందరంగారు డేరాలోనే కోర్టు పెట్టారు. జనాన్ని రానిచ్చారు. నెల్లాళ్ళుగా ఆట లేక మొహం వాచి ఉన్నారేమో, ఊరు ఊరంతా వచ్చేసింది. బొమ్మ ఆడింది. తెర తెల్లబడింది. వెంటనే తెర చాటునించి నల్లటోపీతో బసవలింగం బయటికొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"దోచితిని! ముసలివాని రొమ్ము చీల్చితిని! ఏమి చేయుదురో చేయుడు!" అని గొంతెత్తాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వినేసరికి బసవలింగానికి ఒళ్ళు తెలియలేదు. తన నేరాలు అయిపోగా తెల్లటోపీ దొర నేరాలు కూడా తనమీదే వేసుకున్నాడు.

సోమసుందరంగారి కళ్ళు మెరిశాయి. "ఈ కంఠము నేను గుర్తింతును. ఖూనీ సమయమున విన్న కంఠమిదియే. ఇద్దరు ముద్దాయిలలో ఒకడు నేరమొప్పుకొనినాడు. పానకాలూ, నీవు ఉత్తరువును పాటించితివి. నీ లైసెన్సు నిలిచినది. ఈతనిని ఖూనీ నేరముపై సెషన్సు కోర్టుకు పంపుచున్నాము. అచట ఉరి తప్పదు" అన్నారు.

బసవలింగం తల మీంచి టోపీ జారి పడింది. "అన్నా" అన్నాడు పానకాలు కేసి తిరిగి.

పానకాలు లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే డేరా దక్కుతుంది. లైసెన్సు నిలిచిందని అంతమంది ఎదుట అన్నారాయె. సెషన్సులో ఎవరో ఒకరు బుద్ధిమంతుడు ఉండకపోతాడా, వదిలెయ్యకపోతాడా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన మాటే గానీ, అలా అనిపించింది. గూటి దగ్గర నిలబడ్డ ఆదెమ్మ కేసి చూశాడు. ఆవిడ బసవలింగం కేసి చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"అయ్యా! వీడు నల్లటోపీ దొర కాదండి. మా బసవలింగమండి. మేమిద్దరం కలిసి ఆడిన నాటకమండి. దొర ఎక్కడున్నాడో మాకు తెలవదండి. ఒట్టండి!" అని పానకాలు వెళ్ళి ఆయన బల్ల ముందు సాష్టాంగపడ్డాడు.

సోమసుందరంగారు ఆ మాట విని కలం చేతికి తీసుకున్నారు.

"అనగా నిజమైన ముద్దాయిని కాపాడుటకై దొంగ ముద్దాయిని నిలబెట్టితివి. నేరస్థునకు ఆశ్రయమిచ్చుట నేరము. బసవలింగము నీ సేవకుడు గనుక నిర్దోషి. నీకు నెల రోజుల ఖైదు" అని, అంతలోనే మొహం విప్పారి, "ఇప్పుడు నీవు నేరస్థుడవు. ప్రజల సమక్షమున, ఈ ఆవరణమునందే శిక్షింపబడితివి. ఉత్తరువు సంపూర్ణముగా నెరవేరినది. నీ లైసెన్సు ఖాయము" అన్నారు.

జనానికి సగం అర్థమైంది, సగం కాలేదు. పానకాలుని తీసుకెళ్ళి సబ్‌జైల్లో పెట్టారు. డేరా మళ్ళీ తెరిచి, ఆట ఆదెమ్మా బసవలింగమూ నడిపారు.

అయితే ఉత్తరువు ఒక్క ఆటకి కాదు గదా, ప్రతి ఆటకీను. నల్లటోపీ దొర రోజూ బ్యాంకు దోచుకుంటూనే ఉన్నాడు. రోజూ ఎవరో ఒకరు శిక్షపడి కనపడాలి. చూడనివాడు చెప్పింది చెల్లదు. అందుకని రోజూ ఆట చివర, రీలు అయిపోయి తెర తెల్లబడే వేళకి, ఇద్దరు కానిస్టేబుళ్ళు పానకాలుని జైలు నుంచి బేడీలతో తీసుకొచ్చి ఆ వెలుగులో నిలబెట్టేవాళ్ళు. సోమసుందరంగారు స్వయంగా వచ్చి శిక్ష చదివి వినిపించేవారు.

మొదటి రోజు పానకాలు తలెత్తలేదు. తను వేసిన డేరాలో, తను కట్టిన తెర ముందు, తన ఊరివాళ్ళ ఎదుట బేడీలతో నిలబడడమంటే బతికుండగా పూడ్చిపెట్టినట్టే అనిపించింది. జనం కూడా కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. రెండోరోజు ఎవడో వెనక నేలమీంచి, "పానకాలన్నా, దిగులుపడమాక!" అని అరిచాడు. మూడోరోజు చప్పట్లు కొట్టారు. టాకీలో దొంగకి నిజంగా శిక్ష పడుతోందట, మేజిస్ట్రేటుగారే వచ్చి వేస్తారట అన్న కబురు చుట్టుపక్కల ఊళ్ళకి పాకింది. బళ్ళు కట్టుకుని రావడం మొదలెట్టారు. కొందరు బొమ్మంతా అయ్యాక, చివరి ముక్క కోసమే టిక్కెట్టు కొనుక్కుని లోపలికొచ్చేవారు.

ఆదెమ్మ జైలుకి అన్నం తెచ్చింది. చేపల పులుసు, పెరుగు. పానకాలు చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

"బెంచీలు చాలట్లేదు. బడి నుంచి అడిగి తెచ్చాం" అంది ఆవిడ.

"నేల?"

"ముందూ వెనకా కూడా కిటకిటలాడిపోతోంది. అవునూ, నిన్నెప్పుడొదులుతారు?"

"ఎల్లుండితో నెల" అన్నాడు. అని, ముద్ద చేతిలోనే పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తొలకరికి ఇంకా రెండు నెలలుంది. ఆదెమ్మకి కూడా అర్థమైంది.

చివరి రోజు వచ్చింది. తెర తెల్లబడింది. పానకాలుని తెచ్చి నిలబెట్టారు. సోమసుందరంగారు కొత్త జరీ తలపాగా పెట్టుకుని వచ్చారు. ఈమధ్య ఆయన కూడా కొంచెం గొంతు సవరించుకుని, చెయ్యి ఊపి మరీ చదువుతున్నారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు.

"నేటితో నీ శిక్ష ముగిసినది. రేపటినుండి నీవు స్వేచ్ఛాజీవివి. ఇక ఈ ఆవరణమున శిక్షింపబడినవాడు ఎవడును లేడు గనుక, రేపటినుండి ఉత్తరువు ప్రకారము డేరా మూయవలెను" అన్నారు. అంటున్నప్పుడు ఆయన గొంతులో కూడా కొంత విచారం వినపడింది.

జనంలో హాహాకారం లేచింది. పానకాలు తలెత్తి చూశాడు. కుర్చీలు, బెంచీలు, నేల, వెనక నేల, అన్నీ మనుషులే. డేరా గుంజలు పట్టుకుని పిల్లలు వేలాడుతున్నారు. టిక్కెట్టు గూటి దగ్గర ఆదెమ్మ అతనికేసే చూస్తోంది. అతని కళ్ళు చెమర్చాయి.

"అయ్యా, ఒక్క మాట. ఆ రోజు తమ ఎదుట అబద్ధం చెప్పానండి. నల్లటోపీ దొర ఎక్కడున్నాడో నాకు తెలుసండి. నేనే దాచానండి" అన్నాడు.



"ఎచట?" అన్నారు సోమసుందరంగారు ముందుకు వంగి.

"చెప్పనండి."

"చెప్పవా?"

"ప్రాణం పోయినా చెప్పనండి!"

సోమసుందరంగారు తలపాగా సర్దుకున్నారు. చెయ్యి పైకెత్తారు. "ఓరీ మూర్ఖుడా! న్యాయస్థానమునే ధిక్కరించితివి! నీకు మరల నెల రోజుల ఖైదు!" అని గర్జించారు.

ఈలలతో, చప్పట్లతో డేరా ఊగిపోయింది. ముందు కుర్చీల్లోంచో వెనక నేలమీంచో, ఎవడో "వన్స్ మోర్!" అని కేకేశాడు. ఆ కేకని జనమంతా అందుకున్నారు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

సోమసుందరంగారిని పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎవరూ ఏదీ రెండోసారి చెప్పమని అడగలేదు. ఆయన కాసేపు తబ్బిబ్బయ్యారు. తర్వాత గొంతు సవరించుకుని, ఇందాకటికంటే ఒక మెట్టు పైన ఎత్తుకుని, "ఓరీ మూర్ఖుడా! నీకు మరల నెల రోజుల ఖైదు!" అన్నారు.

దస్తగిరి సాహెబు రెండో శిక్ష కూడా రాసుకుని, పానకాలు దగ్గరికొచ్చి, "ఇదిగో, ఈ రెండూ కలిపి ఒకేసారి అనుభవిస్తావా, ఒకదాని తర్వాత ఒకటా? రాసుకోవాలి" అన్నాడు.

పానకాలు బేడీల చేతులు పైకెత్తి జనానికి దణ్ణం పెట్టి, "ఒకదాని తర్వాత ఒకటే రాసుకోండి సాహెబుగారూ. తొలకరి దాకా రావాలి గదా" అన్నాడు.